క్రాష్ అయిన చోట బగ్ ఉండదు

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడేది పైథాన్ భాష గురించి కాదు, దాన్ని నడిపే యంత్రం గురించి. మనం టెర్మినల్‌లో పైథాన్ అని కొట్టగానే లేచే ఆ ప్రోగ్రాం పేరు సీపైథాన్. సీ భాషలో రాసిన వర్చువల్ మెషిన్ అది. మన కోడ్‌ని ముందు బైట్‌కోడ్‌గా మార్చుకుంటుంది, తర్వాత ఒక పెద్ద లూప్‌లో కూర్చుని ఆ బైట్‌కోడ్‌ని ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ చొప్పున చదివి నడిపిస్తుంది. గీడో వాన్ రోసమ్ 1991లో మొదటిసారి బయటపెట్టినప్పటి నుంచీ దాని సోర్స్ తెరిచే ఉంది. ఇప్పుడు గిట్‌హబ్‌లో ఉంది, ఎవరైనా దింపుకుని టీ తాగి వచ్చేలోపు బిల్డ్ చేసుకోవచ్చు. అయినా మనలో చాలామంది దాని జోలికి పోం, "అది మనవల్ల అయ్యే పని కాదులే" అని ముందే అనేసుకుంటాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఒక క్రాష్ నన్ను అందులోకి లాక్కెళ్ళింది. ముందు ఆ కథ చెప్తాను.

అప్పట్లో నేను పనిచేసే చోట ఒక సర్వీసు ఉండేది. పైథాన్‌లో రాసిందే, కానీ వేగం కోసం మధ్యలో ఒక చిన్న ముక్క సీలో రాశాం, ఎక్స్‌టెన్షన్ మాడ్యూల్ అంటాం కదా, అది. రెండు మూడు రోజులకోసారి ఆ సర్వీసు సెగ్‌ఫాల్ట్ అయి, అంటే తాకకూడని మెమరీని తాకి, పడిపోయేది. ఎర్రర్ మెసేజీ లేదు, పైథాన్ ట్రేస్‌బ్యాక్ లేదు. పడిపోయిన క్షణంలో మెమరీ ఎలా ఉందో దాచే కోర్ ఫైల్‌ని జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిస్తే ప్రతిసారీ ఒకటే: గార్బేజ్ కలెక్టర్, అంటే ఎవరికీ అక్కర్లేని ఆబ్జెక్టులని ఏరేసే భాగం, పనిలో ఉండగా ప్రాణం పోయింది. వారం రోజులు టెన్షన్ పడి, నేనూ మా టీములో ఇంకో అబ్బాయీ కూర్చుని తేల్చేశాం, పైథాన్ గార్బేజ్ కలెక్టర్‌లోనే బగ్ ఉందని. ఆ బ్యాక్‌ట్రేస్‌లో మేము రాసిన లైను ఒక్కటి కూడా లేదు మరి.

అది పూర్తిగా తప్పు. ఎందుకు తప్పో అర్థం కావాలంటే లోపల లెక్క ఎలా నడుస్తుందో చూడాలి.

సీపైథాన్‌లో ప్రతి ఆబ్జెక్టుకీ ఒక లెక్క ఉంటుంది, రిఫరెన్స్ కౌంట్. ఆ ఆబ్జెక్టుని ఎంతమంది పట్టుకుని ఉన్నారు అనే లెక్క. ఎవరైనా కొత్తగా పట్టుకుంటే ఇన్‌క్రెఫ్, ఒకటి పెంచాలి. వదిలేస్తే డెక్రెఫ్, ఒకటి తగ్గించాలి. సున్నాకి వస్తే ఆ ఆబ్జెక్టుని అప్పటికప్పుడే తీసేస్తారు. పైథాన్‌లో రాసేవాళ్ళకి ఇదంతా కనపడదు, సీలో రాసేవాళ్ళు మాత్రం చేత్తో చేసుకోవాలి. దీనికి తోడు ఒక చిక్కు ఉంది. లిస్టులోంచో డిక్షనరీలోంచో ఒక వస్తువుని ఇవ్వమని అడిగే పాత సీ ఫంక్షన్లు ఆ లెక్క పెంచకుండానే పాయింటర్ని, అంటే ఆ వస్తువు ఉన్న మెమరీ అడ్రస్‌ని, చేతిలో పెడతాయి. బారోడ్ రిఫరెన్స్ అంటారు దాన్ని, అంటే అరువు. అరువు సొమ్ము బరువు చేటు అని మన పెద్దవాళ్ళు నగల గురించి అన్నారు కానీ, సీ కోడ్‌కి అది అక్షరాలా సరిపోతుంది.

మరి గార్బేజ్ కలెక్టర్ ఏం చేస్తుంది? రెండు ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటే వాటి లెక్క ఎప్పటికీ సున్నాకి రాదు. అలాంటి చక్రాలని వెతకడానికి అది లిస్టులు, డిక్షనరీల వంటి కంటెయినర్లన్నిటి లెక్కలనీ ఒక పక్కన కాపీ రాసుకుని, వాటిలో ఒక్కోటీ ఇంకెవరిని పట్టుకుని ఉందో చూస్తూ అవతలివాటి కాపీ లెక్కలోంచి ఒకటి తీసేస్తూ పోతుంది. చివరికి సున్నా మిగిలినవాటిని బయటి నుంచి నేరుగా పట్టుకున్నవాళ్ళు లేరన్నమాట. వాటిలో బతికున్నవాటి ద్వారా చేరగలిగేవి ఏమన్నా ఉంటే వెనక్కి తీసుకుని, మిగతావాటిని చెత్త కింద తీసేస్తుంది. అంటే అది ఆడిటర్ లాంటిది. ఊళ్ళో ప్రతి ఖాతా తెరిచి చూసేది అదొక్కటే. లెక్క తేడా ఆడిటర్ చేతిలోనే బయటపడుతుంది, అంతమాత్రాన డబ్బు తీసింది ఆడిటర్ కాదు.

మేము చేసిన పొరపాటు ఇంతే. క్యాష్‌గా వాడుతున్న ఒక డిక్షనరీలోంచి ఒక లిస్టుని అరువుకి తీసుకుని, మా స్ట్రక్ట్‌లో దాచుకున్నాం, ఇన్‌క్రెఫ్ చేయలేదు. స్ట్రక్ట్ పని అయిపోయినప్పుడు మాత్రం పద్ధతిగా డెక్రెఫ్ చేశాం. అంటే తీసుకున్నప్పుడు రాయలేదు, ఇచ్చేటప్పుడు మాత్రం కొట్టేశాం. ఆ లిస్టుని నిజానికి ఇద్దరు పట్టుకుని ఉంటే లెక్కలో ఒక్కరే ఉన్నట్టు కనపడుతుంది. ఆ ఒక్కరూ వదలగానే లిస్టు పోతుంది, రెండోవాళ్ళ చేతిలో మాత్రం పాయింటర్ అలాగే ఉంటుంది.

సరే, అయితే వెంటనే క్రాష్ అవ్వాలి కదా, మూడు రోజులు ఎందుకు పట్టింది? ఇక్కడే అందరూ ఇరుక్కుంటారు. 512 బైట్ల లోపు చిన్న ఆబ్జెక్టులకి సీపైథాన్ సొంత అలొకేటర్ వాడుతుంది, పైమాలాక్ అని. మనం ఫ్రీ చేసిన చోటుని అది సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్‌కి తిరిగివ్వదు, తన దగ్గరే ఉంచుకుని తర్వాత వచ్చినవాళ్ళకి ఇస్తుంది. ఒకరు ఖాళీ చేసిన ఇంట్లోకి సాయంత్రానికే ఇంకొకరు అద్దెకు దిగినట్టు. మన పాత పాయింటర్ వెళ్ళి తలుపు కొడితే ఎవరో ఒకరు తీస్తారు. ఒక్కోసారి అదీ లిస్టే అయి ఉంటుంది, అంతా బాగానే నడిచినట్టు కనిపిస్తుంది. క్రాష్ కన్నా నాకు ఎక్కువ భయం వేసింది ఇక్కడే, ఎందుకంటే ఆ మూడు రోజులూ మా సర్వీసు ఎవరి డేటా చదివి ఎవరికి జవాబిచ్చిందో చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

దొరికింది ఎలాగంటే, ముందు సీపైథాన్‌ని డీబగ్ బిల్డ్ చేశాను, అంటే లోపల అదనపు తనిఖీలు ఉండే బిల్డ్. కాన్ఫిగర్ చేసేటప్పుడు విత్-పైడీబగ్ అనే ఆప్షన్ ఇస్తే చాలు. ఆ బిల్డ్‌లో మా టెస్టులు నడిపిన పది నిమిషాలకే కలెక్టర్ ఆగిపోయి "రిఫ్‌కౌంట్ ఈజ్ టూ స్మాల్", అంటే లెక్క తక్కువ పడింది అని అసర్షన్ కొట్టింది. మూడు రోజులకోసారి వచ్చే బగ్ పది నిమిషాల బగ్ అయింది. నా దృష్టిలో సగం పని అక్కడే అయిపోయింది. ఎప్పుడు పడితే అప్పుడు రప్పించగలిగిన బగ్‌కి భయపడాల్సిన పని లేదు.

డీబగ్ బిల్డ్ కుదరని చోట ఇంకో దారి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. పైథాన్‌మాలాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి డీబగ్ అని ఇచ్చి మామూలు పైథాన్‌నే నడపండి. అప్పుడు ఫ్రీ అయిన మెమరీ అంతా హెక్స్‌లో డీడీ అనే బైట్‌తో నింపేస్తుంది, కొత్తగా ఇచ్చిన మెమరీని సీడీతో నింపుతుంది. జీడీబీలో ఒక పాయింటర్ విలువ వరసగా డీడీడీడీడీడీ అని కనిపించిందంటే మీరు శవంతో మాట్లాడుతున్నారని అర్థం. ఒక హెచ్చరిక, అడ్రస్ శానిటైజర్ అనే మెమరీ తప్పులు పట్టే పనిముట్టు వాడేవాళ్ళు ఆ వేరియబుల్‌కి డీబగ్ బదులు మాలాక్ అని ఇవ్వాలి. లేకపోతే మధ్యలో పైమాలాక్ అడ్డుపడి, ఫ్రీ అయిన సంగతి శానిటైజర్‌కి తెలియనివ్వదు.

ఇక చివరి మెట్టు. లెక్క తప్పిన లిస్టు తెలిసింది, తప్పించిందెవరో తెలియాలి. ఆర్ఆర్ అనే ఓపెన్ సోర్స్ డీబగ్గర్ ఉంది, మొజిల్లాలో పుట్టింది, లైనక్స్‌లో నడుస్తుంది. ప్రోగ్రాం నడిచిన తీరంతా రికార్డు చేసి, తర్వాత ముందుకీ వెనక్కీ నడపనిస్తుంది. ఆ లిస్టు రిఫ్‌కౌంట్ ఉన్న అడ్రస్ మీద వాచ్‌పాయింట్ పెట్టి, అసర్షన్ దగ్గర నుంచి వెనక్కి నడిపాను. లెక్క మారిన ప్రతిచోటా ఆగుతుంది. కాగితం మీద రాసుకుంటూ పోయాను, ఇక్కడ పెరిగింది, ఇక్కడ తగ్గింది, ఇది ఇంటర్‌ప్రెటర్, ఇది డిక్షనరీ. పదకొండోసారి ఆగినప్పుడు మా ఫైలు పేరు కనిపించింది. తగ్గించాం, పెంచినట్టు మాత్రం ఎక్కడా లేదు. తీగ లాగితే డొంకంతా కదిలింది, డొంక మా ఇంట్లోనే ఉంది. సరిచేయడానికి పట్టింది ఒక్క లైను.

ఇది ఎక్స్‌టెన్షన్లు రాసేవాళ్ళ బాధ మాత్రమే అనుకోకండి. పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్‌లో థిన్ ఐస్ అనే సెక్షన్ ఒకటి ఉంది, మనమైతే కత్తిమీద సాము అని పెట్టేవాళ్ళమేమో. అందులో ఉన్న ఫంక్షన్ నాలుగైదు లైన్లు. లిస్టులో సున్నా స్థానంలో ఉన్నదాన్ని అరువుకి తీసుకుంటుంది, ఒకటో స్థానంలో ఒక సున్నా పెడుతుంది, తర్వాత మొదట తీసుకున్నదాన్ని ప్రింట్ చేస్తుంది. చూడటానికి ఏ తప్పూ లేదు. కానీ ఒకటో స్థానంలో కొత్తది పెట్టగానే పాతది పోతుంది కదా, ఆ పాతదానికి ఎవరైనా డెల్ మెథడ్, అంటే ఆబ్జెక్టు పోయేముందు నడిచే మెథడ్, రాసి ఉంటే అది అప్పుడే నడుస్తుంది. ఆ మెథడ్ అదే లిస్టులోని సున్నా స్థానాన్ని తీసేస్తే మన చేతిలో ఉన్నది పోయినట్టే. అంటే సీలో ఒక మామూలు అసైన్‌మెంట్ లాంటి లైను వెనకాల ఏ పైథాన్ కోడ్ అయినా నడవొచ్చు. పైథాన్ పాత వెర్షన్‌లో కూడా ఈ రకం బగ్గులు ఉండేవని అదే డాక్యుమెంటేషన్ ఒప్పుకుంటుంది, నాకు ఆ నిజాయితీ నచ్చింది.

ఇప్పుడు జీఐఎల్, అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం, లేని పైథాన్ వచ్చింది, పెప్ 703 అనే ప్రతిపాదన ప్రకారం 2024 అక్టోబరులో 3.13తో ప్రయోగంగా మొదలైంది. థ్రెడ్లు నిజంగా ఒకేసారి నడుస్తుంటే అరువు ఇంకా ప్రమాదం, మీరు పాయింటర్ తీసుకుని ఇన్‌క్రెఫ్ చేసేలోపే ఇంకో థ్రెడ్ దాన్ని తీసేయొచ్చు. అందుకే 3.13లో లిస్టుకీ డిక్షనరీకీ చివర రెఫ్ అని ఉండే కొత్త ఫంక్షన్లు చేర్చారు, అవి లెక్క పెంచే ఇస్తాయి. కొత్తగా రాసేవాళ్ళు దయచేసి అవే వాడండి. తమాషా ఏంటంటే 3.14 వచ్చేసరికి ఇంటర్‌ప్రెటర్ తానే లోపల అరువు మొదలుపెట్టింది, లోడ్ ఫాస్ట్ బారో అనే ఇన్‌స్ట్రక్షన్‌తో. తేడా ఏంటంటే ఇక్కడ ఆ లోకల్ వేరియబుల్ పని అయ్యేదాకా బతికే ఉంటుందని కంపైలర్ ముందే లెక్కగట్టి, ఖాయమైన చోట మాత్రమే అరువిస్తుంది. అనవసరంగా పెంచి తగ్గించే పని తప్పుతుంది.

బగ్గుల సంగతి అలా ఉంచితే, వేగం పెంచే పనిలో కూడా ఇదే జరుగుతుంది, కనిపించేది ఒకచోట, కారణం ఇంకోచోట. 2025లో జరిగింది చెప్తాను.

ఆ పెద్ద లూప్ ఉందన్నాను కదా. దాన్ని మామూలు స్విచ్‌తో రాస్తే ప్రతి ఇన్‌స్ట్రక్షన్ పని అయ్యాక అందరూ ఒకే చౌరస్తాకి తిరిగొచ్చి అక్కడి నుంచి తర్వాతి చోటికి దూకాలి. ప్రాసెసర్ తర్వాత ఎటు దూకుతామో ముందే ఊహించడానికి చూస్తుంది, అందరూ ఒకే చౌరస్తాలో ఉంటే ఊహించడం కష్టం. అందుకని చాలా ఏళ్ళ కిందటే కంప్యూటెడ్ గోటో అనే పద్ధతికి మారారు, ప్రతి ఇన్‌స్ట్రక్షన్ చివరా దాని సొంత మలుపు ఉంటుంది. రెండు విలువల్ని పోల్చే ఇన్‌స్ట్రక్షన్ తర్వాత జంప్ ఎక్కువగా వస్తుందని ఆ మలుపు దగ్గర నేర్చుకోవచ్చు. 3.14 కోసం కెన్ జిన్ అనే కోర్ డెవలపర్ ఇంకో అడుగు వేశాడు, ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ ఒక చిన్న సీ ఫంక్షన్ చేసి, ఒకటి ఇంకోదాన్ని టెయిల్ కాల్‌తో, అంటే మళ్ళీ వెనక్కి రావాల్సిన పని లేకుండా చివర్లో చేసే కాల్‌తో, పిలిచేలా మార్చాడు. క్లాంగ్ 19 అనే సీ కంపైలర్‌తో బిల్డ్ చేసి కొలిస్తే సగటున 9 నుంచి 15 శాతం వేగం. ముప్పై ఏళ్ళుగా ఎంతోమంది నూరిన లూప్‌లో అంత మిగిలి ఉందా అని అందరం సంబరపడ్డాం.

మార్చి నెలలో నెల్సన్ ఎల్‌హేజ్ అనే ఇంజనీరు కూర్చుని తవ్వాడు. క్లాంగ్ 19లో ఒక మార్పు వచ్చి ఉంది. కంపైల్ చేసేటప్పుడు సమయం, మెమరీ మితిమీరకుండా కోడ్‌ని నకళ్ళు తీయడం మీద ఒక పరిమితి పెట్టారు. దాంతో ఆ కంపైలర్ సీపైథాన్‌లో విడివిడిగా ఉండాల్సిన మలుపులన్నిటినీ మళ్ళీ ఒకే చౌరస్తాలో కలిపేసింది. అంటే పోలికకి పెట్టుకున్న పాత ఇంటర్‌ప్రెటరే ఆ కంపైలర్ చేతిలో నెమ్మదించింది. కొత్తది వేగం కావడం కొంత, పాతది కుంటుపడటం చాలా. క్లాంగ్ 18తోనో జీసీసీతోనో కట్టిన పాతదానితో పోలిస్తే ఆ అంకె బాగా తగ్గిపోయింది, 3.14 విడుదల నోట్స్‌లో ఇప్పుడు ఉన్నది 3 నుంచి 5 శాతం. క్లాంగ్‌లోని లోపాన్ని తర్వాతి వెర్షన్‌లో సరిచేశారు.

కెన్ జిన్ ఏం చేశాడో చెప్పాలి. అందరి ముందూ క్షమాపణ చెప్పి, నోట్స్‌లో అంకె మార్చి, ఎక్కడ పొరబడ్డామో వివరంగా రాశాడు. దాక్కోలేదు, వాదించలేదు. నేను ఓపెన్ సోర్స్‌లో ఎందుకు ఉన్నానని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఇదే. పైగా ఆ 3 శాతం చిన్నదేం కాదు. కంపైలర్ రేపు మళ్ళీ మనసు మార్చుకున్నా టెయిల్ కాల్ పద్ధతిలో మలుపులు కలిసిపోయే భయం లేదు. నాకైతే వేగం కన్నా అదే పెద్ద లాభం అనిపిస్తుంది.

మీరు వేగం కొలిచేటప్పుడు, దయచేసి టైమ్ మాడ్యూల్‌తో ఒక్కసారి నడిపి ఇంత తగ్గింది అని పోస్టు పెట్టకండి. పైపెర్ఫ్ వాడండి, అది చాలా ప్రాసెస్‌లు వేరువేరుగా నడిపి చూస్తుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటే కొలవకండి. రెండు కంపైలర్లతో చూడండి. మార్పు లేని పాత కోడ్‌ని కూడా అదే రోజు, అదే మెషిన్ మీద మళ్ళీ కొలవండి.

మీలో కొంతమందికి ఇప్పటికే చేయి దురద పెడుతుంటుంది. గిట్‌హబ్‌లో తెరిచి ఉన్న ఇష్యూల్లో క్రాష్ అని ట్యాగ్ ఉన్నవి చూడండి. ఎవరో రెండొందల లైన్ల ప్రోగ్రాం పెట్టి క్రాష్ అవుతోంది అని ఉంటారు. దాన్ని పది లైన్లకి తగ్గించి, గిట్ బైసెక్ట్‌తో ఏ కమిట్ నుంచి మొదలైందో పట్టుకుని ఒక కామెంటు పెడితే, ప్యాచ్ రాయకపోయినా మీరు ఆ పనిలో సగం చేసినట్టే. ప్యాచ్ రాస్తే దానితో పాటు టెస్టు కూడా రాయండి, ఆ టెస్టుని సీపైథాన్ టెస్ట్ రన్నర్‌లో హైఫన్ క్యాపిటల్ ఆర్ ఆప్షన్‌తో మూడు మూడు సార్లు నడిపి రిఫరెన్స్ లీకులు లేవని చూసుకోండి.

భోజనాల తర్వాత అందరం కలిసి ఆ థిన్ ఐస్ ఫంక్షన్ రాసి, డెల్ మెథడ్ పెట్టి, నిజంగా క్రాష్ చేద్దాం. డీడీడీడీ మీ కళ్ళతో మీరే చూడాలి. బిల్డ్‌కి కొంచెం టైమ్ పడుతుంది, ఇక్కడి వైఫై కూడా నెమ్మదిగా ఉంది. సోర్స్ ఇప్పుడే దింపడం మొదలుపెట్టండి. పైడీబగ్ ఆప్షన్ మర్చిపోకండి.