సుడిదోమ బంధువర్గం: ప్లాంట్‌హాపర్ల వర్గీకరణ, వైవిధ్యం

సభకు నమస్కారం. వరిచేలో గుండ్రటి సుడులుగా పైరును ఎండబెట్టే సుడిదోమ గురించి వినని వ్యవసాయ విద్యార్థి ఉండడు. అయితే ఆ పురుగు ఎంత పెద్ద బంధువర్గానికి చెందిందో మనం అంతగా పట్టించుకోలేదు. రసం పీల్చే పురుగుల హెమిప్టెరా క్రమంలోని ఫల్గోరాయిడియా అధికుటుంబంలో, అంటే ప్లాంట్‌హాపర్లలో, దాదాపు 20 కుటుంబాలు, 12,000కు పైగా జాతులు ఇప్పటికి నమోదయ్యాయి. పంటలకు చేటు చేసేవి వాటిలో కొన్ని మాత్రమే. అందుకే ఈ కీటకాలను చీడల పట్టికలో ఒక వరుసగా కాక, ఒక పూర్తి వంశంగా చూడాలని నా విన్నపం.

వీటిని గుర్తించడానికి ముందుగా ముఖం చూడాలి. పచ్చదోమ వంటి లీఫ్‌హాపర్లకు స్పర్శశృంగాలు (మీసాలు) రెండు కళ్ల నడుమ ఉంటే, ప్లాంట్‌హాపర్లకు కళ్ల కింద, చెంపల మీద ఉంటాయి. ఆ శృంగంలో రెండో ఖండం ఉబ్బి, దాని మీద జ్ఞానేంద్రియాలు పొదిగినట్టు కనిపిస్తాయి. ముందు రెక్క మొదట్లో చిన్న పొలుసు ఉంటుంది. రెక్క వెనుక అంచు దగ్గర రెండు ఈనెలు కలిసి ‘వై’ ఆకారం తీసుకుంటాయి.

సుడిదోమ చేరే డెల్ఫాసిడే కుటుంబానికి ఇంకా స్పష్టమైన గుర్తు ఉంది. వెనుక కాలిలో, పాదం మొదలయ్యే చోట, కదిలే పెద్ద ముల్లు ఒకటి ఉంటుంది. భూతద్దం కింద అది కనిపించిందంటే కుటుంబం తేలిపోయినట్టే. జాతిని తేల్చడం మాత్రం అంత సులువు కాదు. చాలా సందర్భాల్లో మగ పురుగు జననాంగాల ఆకృతిని పరిశీలించక తప్పదు. పైగా ఒకే జాతిలో పొడవు రెక్కలవి, పొట్టి రెక్కలవి రెండూ పుడతాయి. పొట్టి రెక్కల ఆడవి ఉన్నచోటే ఉండి ఎక్కువ గుడ్లు పెడితే, పొడవు రెక్కలవి గాలివాటున వందల కిలోమీటర్లు వలసపోతాయి. సుడిదోమలో ఏ రెక్కలు రావాలో నిర్ణయించడంలో రెండు ఇన్సులిన్ గ్రాహకాలకు (ఇన్సులిన్ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్లకు) పాత్ర ఉందని 2015లో వెల్లడైంది.

మిగిలిన కుటుంబాల్లోకి వెళితే రూపమే కాదు, బతుకు తీరే మారిపోతుంది. డెర్బిడే, అకిలిడే కుటుంబాల పిల్లపురుగులు కుళ్లిన కర్రలో, బెరడు కింద శిలీంధ్రాల మీద బతుకుతాయి. సిక్సిడే పిల్లలు నేలలో వేర్ల రసం పీలుస్తాయి. టెట్టిగోమెట్రిడేలో కొన్నిటిని చీమలు కాపలా కాస్తాయి. ఫల్గోరిడేలో దక్షిణ అమెరికాకు చెందిన ఫల్గోరా లాటర్నేరియా తల వేరుశెనగకాయలా ఉబ్బి ఉంటుంది. ఆ తల రాత్రి వెలుగుతుందని సురినామ్‌లో పనిచేసిన కీటక చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్ 1705లో రాయడంతో, ఆ కుటుంబానికి దీపం పేరు (లాంటర్న్‌ఫ్లై) స్థిరపడింది. నిజానికి అది వెలగదు. ఇస్సిడే కుటుంబంలోని ఇస్సస్ పిల్లపురుగు అయితే మరీ అబ్బురం: దాని వెనుక కాళ్ల మొదళ్లలో ఒకదానితో ఒకటి పెనవేసుకునే పళ్లచక్రాలు ఉంటాయి, దూకేటప్పుడు రెండు కాళ్లూ ఒకే క్షణంలో విడిచేలా అవి కలిపి ఉంచుతాయి. ఈ సంగతి 2013లో ప్రచురితమైంది. ఆఖరి కుబుసంతో ఆ పళ్లు పోతాయి.

వర్గీకరణ ఇంకా మారుతూనే ఉంది. ఒకప్పుడు ఇస్సిడేలో కలిపి చూసిన కాలిసెలిడే ఇప్పుడు వేరు కుటుంబం. చాలా జాతుల పిల్లపురుగులు ఎలా ఉంటాయో ఎవరూ వర్ణించలేదు. నా దృష్టిలో ఇదే అతి పెద్ద లోటు, ఎందుకంటే ఆ పురుగు ఏం తిని పెరిగిందో చెప్పేది ఆ దశే. రూపం ఒక్కటే చాలదనడానికి హవాయి లావా గుహల్లోని ఓలియారస్ పాలీఫీమస్ మంచి ఉదాహరణ. కళ్లు లేని ఈ సిక్సిడే కుటుంబపు పురుగులు చీకట్లో, మొక్కల వేర్ల గుండా పంపే ప్రకంపనలతో జతను పిలుస్తాయి. చూడటానికి ఒకేలా ఉన్నా, వేర్వేరు గుహల్లోని వాటి పిలుపులు వేరుగా ఉన్నాయని తేలడంతో, ఇవి ఒకే జాతి కాక కొన్ని జాతుల సముదాయమని పరిశోధకులు భావిస్తున్నారు.