పొగాకు బ్యారన్ దగ్గర సెంట్రీ డ్యూటీ

శ్రోతలందరికీ నమస్కారం.

మాజీ సైనికుడు అనగానే చాలామందికి మెలితిప్పిన మీసం, గద్దించే గొంతు, ముక్కు మీద కోపం గుర్తొస్తాయి. మా తాతకు మీసం ఉండేది. గొంతూ ఉండేది. కోపం మాత్రం మేం చూడలేదు. సింగరాయకొండ దగ్గర మా పల్లెలో ఎక్కడన్నా నలుగురు పగలబడి నవ్వుతుంటే, ఆ నలుగురి మధ్యన మా తాత ఉన్నట్టే లెక్క.

ఆయన పటాలంలో చేరింది 1963లో, చైనాతో యుద్ధం అయిన మరుసటేడు. మద్రాస్ సాపర్స్‌లో పడ్డాడు. బెంగళూరులో అల్సూరు చెరువు పక్కన వాళ్ల కేంద్రం ఉంది. 1780 నుంచీ ఉన్న దళం అది. నది అడ్డమొస్తే వంతెన వేయాలి, కొండ అడ్డమొస్తే రోడ్డు తొలవాలి, శత్రువు మందుపాతరలు పాతి ఉంటే వాటిని తీసి వెనకొచ్చే వాళ్లకు దారి చేయాలి. అదీ వాళ్ల పని. 1965, 1971 రెండు యుద్ధాలూ చూసి, 1980లో పింఛనుతో ఇంటికొచ్చాడు.

ఆయన చేరేనాటికి మా కందుకూరు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి మా ఊరు అందులోకి వచ్చింది, తర్వాత దానికే ప్రకాశం పేరు పెట్టారు. దాని మీద తాత ఎప్పుడూ ఒక మాట అనేవాడు. "నేను దేశానికి కాపలా కాస్తుంటే, నా ఊరిని ఎవరో ఎత్తుకుపోయి పక్క జిల్లాలో పెట్టారయ్యా! అక్కడ సరిహద్దు కదలకుండా చూసుకున్నాం గానీ, ఇక్కడ చూసే నాథుడు లేకపోయె!" ఈ మాట ఎన్నిసార్లు విన్నామో. విన్న ప్రతిసారీ నవ్వాం.

ఇవన్నీ గబగబా చెప్పేశాను. నేను తీరిగ్గా చెప్పాలనుకున్నది బ్యారన్ దగ్గర, అంటే పొగాకు ఆకును వేడితో ఎండబెట్టే కొట్టం దగ్గర, రాత్రుల గురించి.

మా వైపు పొగాకు రైతులకు ఇది చెప్పక్కర్లేదు, తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. తోటలో ఆకు విరిచి, కర్రలకు కట్టి, బ్యారన్ లోపల కిందినుంచి పైదాకా వరసలుగా వేలాడదీస్తారు. బయట పొయ్యిలో కట్టెలు పెడితే, ఆ వేడి ఇనప గొట్టాల్లోంచి లోపలంతా తిరుగుతుంది. ముందు సన్నటి వేడి మీద ఆకు పసుపు తిరగాలి. ఆ తర్వాత వేడి పెంచుకుంటూ పోవాలి, ఈనె ఎండిందాకా. ఐదారు రోజుల పని. వేడి తగ్గిందా, ఆకు రంగు చెడుతుంది. కట్టెలు ఎక్కువ ఎగదోశారా, ఎండిన ఆకు గొట్టం మీద రాలి నిప్పంటుకుంటుంది. ఏడాది కష్టం ఒక్క కునుకులో పోతుంది. అందుకని రాత్రంతా ఎవరో ఒకరు మేలుకొని ఉండాల్సిందే.

మిగతా బ్యారన్ల దగ్గర మేలుకోవడమంటే శిక్ష. మా బ్యారన్ దగ్గర పండగ! సంక్రాంతి సెలవులకు మనవళ్లూ మనవరాళ్లూ దిగగానే తాత అందర్నీ వరసలో నిలబెట్టి డ్యూటీలు వేసేవాడు. పొయ్యి చూడ్డానికి ఒకరు, థర్మామీటరు చదివి పలక మీద రాయడానికి ఒకరు, ఇంటినుంచి వచ్చే దారిలో సెంట్రీగా, అంటే కాపలాగా, ఒకరు. సెంట్రీకి ఒక టార్చిలైటు, భుజాన తుపాకీకి బదులు పొగాకు కర్ర. చీకట్లో ఎవరొచ్చినా "థమ్! కౌన్ ఆతా హై?" అని, అంటే ఆగు, ఎవరొస్తున్నది అని అరవాలి. వచ్చినవాళ్లు ఆ రాత్రి పాస్‌వర్డ్ చెప్పాలి. ఆ పాస్‌వర్డ్ ఎప్పుడూ తాత పనిచేసిన ఊరి పేరే. ఒక రాత్రి జబల్పూర్, ఒక రాత్రి లేహ్, ఒక రాత్రి జోధ్‌పూర్. మాకు దేశపటం అట్లా వచ్చింది.

ఒక రాత్రి సెంట్రీ డ్యూటీ నాది. పాస్‌వర్డ్ పఠాన్‌కోట్. చలి బాగా ఉంది. ఇంటివైపునుంచి ఎవరో వస్తున్న అలికిడి. నేను కర్ర అడ్డం పెట్టి, "థమ్! కౌన్ ఆతా హై?" అన్నాను.

"మీ అవ్వనురా!"

"పాస్‌వర్డ్ చెప్పు."

"అవేం పిచ్చి మాటలు? అన్నం తెచ్చాను, జరుగు. చేతులు లాగుతున్నాయి."

నేను జరగలేదు. తాత హుకుం అలాంటిది. అవ్వకేమో తిరుపతి దాటి ఊరు తెలీదు. చిన్నగా చెవిలో చెప్పాను, పఠాన్‌కోట్ అని. అవ్వ ఒక్క క్షణం ఆలోచించి గట్టిగా అంది: "పట్టెడు కూడు!"

పొయ్యి దగ్గరున్న పిల్లలంతా ఒక్కసారి గొల్లుమన్నారు. తాత మాత్రం నవ్వలేదు. లేచి, పంచె సర్దుకుని, మడమలు కొట్టి అవ్వకు సెల్యూట్ చేశాడు. "రేషన్ ట్రక్కు వచ్చింది! ట్రక్కుకు పాస్‌వర్డ్ అడిగే మొనగాడు ఏ పటాలంలోనూ పుట్టలేదు. దారి వదలండి!" అన్నాడు. అవ్వ చీకట్లో "సంబడం!" అని విసుక్కుంది గానీ, గిన్నె దించి మాకు ముద్దలు పెడుతున్నంతసేపూ ఆవిడ భుజాలు నవ్వుతో కదులుతూనే ఉన్నాయి. ఆ మర్నాటినుంచి మా బ్యారన్‌కు పాస్‌వర్డ్ ఒకటే. పట్టెడు కూడు. పాలేరు వచ్చినా అదే, పక్క బ్యారన్ రైతు వచ్చినా అదే. పట్టెడు కూడు!

పఠాన్‌కోట్ పేరు తాతకు ఎందుకంత దగ్గరో నాకు కాలేజీకి వచ్చాకగానీ తెలియలేదు. 1971 డిసెంబరులో ఆ దగ్గర్లోనే, సరిహద్దు అవతల పాకిస్తాన్‌లోని శకర్‌గఢ్ వైపు, బసంతర్ నది దగ్గర, మన ట్యాంకులకు దారి కావాల్సి వచ్చింది. మందుపాతరలు తీసి ఆ దారి చేసినవాళ్లలో మద్రాస్ సాపర్లు ఉన్నారు. తాతా ఉన్నాడు. రాత్రివేళ, బోర్లా పడుకుని, సన్నటి ఇనప చువ్వను ఏటవాలుగా మట్టిలోకి గుచ్చుతూ, తగిలింది రాయో మందుపాతరో వేళ్లతో తెలుసుకుంటూ జానెడు జానెడు జరగాలి. బాగయిన దారికి గుర్తుగా తెల్ల టేపు పరుచుకుంటూ పోవాలి. నేను గుచ్చి గుచ్చి అడిగితే ఇంతవరకే చెప్పాడు. పక్కన ఎవరున్నారు, ఎవరు తిరిగి రాలేదు అంటే, "తర్వాత మాకు టీ ఇచ్చారు. అంత తియ్యటి టీ మళ్లీ తాగలా" అనేవాడు. అక్కడితో ఆపేవాడు. అట్లాంటి రాత్రులు గడిపిన మనిషి, రాత్రి కాపలాను పసిపిల్లలకు ఆటగా చేసి ఇచ్చాడు. నాకు ఆయన మీద ఉన్న గౌరవమంతా అక్కడే ఉంది.

పెద్దతనంలో అవ్వ కళ్లకు పొరలు వచ్చాయి. ఆపరేషన్ అయ్యేదాకా చీకటి పడితే దారి కనపడేది కాదు. తాత ఏం చేశాడనుకున్నారు? ఇంటి గడపనుంచి బ్యారన్ దాకా రెండు పక్కలా చిన్న గూటాలు కొట్టి, తెల్ల నవారు లాగి కట్టాడు. "ఈ రెండింటి మధ్యన నడువు. ఏదీ పేలదు, నాదీ పూచీ" అన్నాడు. అవ్వ ఊరుకుంటుందా! "పేలితే మాత్రం నాకేం? నీ పింఛను నాకొస్తుంది గదా" అంది.

ఆ పింఛను దగ్గరే ఒక మాట చెప్పి ముగిస్తాను. తాత పోయాక ఆ పింఛను అవ్వకు రావడానికి నెలల తరబడి తిరగాల్సి వచ్చింది. కారణం చాలా చిన్నది. పటాలం రికార్డులో అవ్వ పేరు పుట్టింటి వాళ్లు పిలిచే పేరు. ఆధార్ కార్డులో పూర్తి పేరు. రెండూ ఒకరే అని రుజువు చేయడానికి ఎనభై దాటిన మనిషిని ఆటోలో ఎక్కించుకుని ఆఫీసుల చుట్టూ తిప్పాం.

మీ ఇంట్లో మాజీ సైనికుడు ఉంటే, ఆయన ట్రంకు పెట్టె తెరవమని అడగండి. డిశ్చార్జి బుక్కు, పీపీవో కాగితం, అంటే పింఛను మంజూరు చేసిన ఉత్తర్వు, బయటకు తీయించండి. అందులో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయా, అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే ఆయన ఉండగానే, ఆయన సంతకంతోనే సరిచేయించండి. ఎట్లాగో తెలియకపోతే ఒంగోలులోనూ, నెల్లూరులోనూ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి, అక్కడ అడిగితే చెబుతారు. ట్రంకు పెట్టె ఎటూ తెరుస్తారు కాబట్టి, కాసేపు పక్కన కూర్చుని ఆయన పనిచేసిన ఊళ్ల పేర్లు కూడా అడగండి.

సెలవు. నమస్కారం.