మన బ్యాచ్ రిజిస్టర్‌లో కన్సల్టెంట్లు

(ఎంబీఏ 1998–2000 బ్యాచ్ పాతికేళ్ల కలయికలో, విశాఖపట్నంలో చేసిన ప్రసంగం)

మాస్టార్లకి నమస్కారం. మిత్రులకీ, వాళ్లతో వచ్చి ఇప్పటికే విసుగెత్తిపోయిన కుటుంబ సభ్యులకీ నమస్కారం.

ఈ పాతికేళ్లలో ఎవరెవరు ఏమయ్యారో పది నిమిషాల్లో చెప్పమన్నారు. నాకే ఎందుకంటే రిజిస్టర్ నా దగ్గరుంది కాబట్టి. 2000లో ఫేర్‌వెల్ రోజున ఒక లాంగ్ నోట్‌బుక్‌లో అందరి అడ్రసులూ రాయించుకున్నాను. అప్పటికి చాలామంది ఇళ్లలో ఫోన్ లేదు. పక్కింటి నంబరు రాసి పక్కన ‘పీపీ’ అని పెట్టారు. తర్వాత యాహూ గ్రూప్, ఆ తర్వాత ఎక్సెల్ షీట్, ఇప్పుడు వాట్సాప్. ఏటా జనవరిలో అడిగేది ఒకటే: ఎక్కడున్నావు, ఏం చేస్తున్నావు? వచ్చిన జవాబు వచ్చినట్టే ఎక్కిస్తాను.

మొన్న మొదటి నుంచీ మొత్తం చదివాను. చదువుతూ చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. ‘కన్సల్టెంట్’.

2001లో ఆ మాట ఉన్నట్టుండి పెరిగింది. 2003కల్లా మాయమైంది. 2009లో మళ్లీ వచ్చింది. 2020, 21లో వచ్చింది. పోయిన రెండేళ్లుగా మళ్లీ కనిపిస్తోంది, ఈసారి ‘అడ్వైజర్’ అని పేరు మార్చుకుని. 2000 మార్చిలో అమెరికా టెక్ షేర్ల సూచీ నాస్‌డాక్ శిఖరానికెక్కి జారడం మొదలుపెట్టింది. మనం సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే ఆఖరి సెమిస్టర్ పరీక్షలు రాశాం. కొందరి ఆఫర్ లెటర్లు ‘జాయినింగ్ డేట్ తర్వాత తెలియజేస్తాం’ దగ్గరే ఆగిపోయాయి. ఆ అక్టోబర్‌లో ప్రైవేటు బీమా కంపెనీలకి లైసెన్సులు రావడం మొదలైంది కాబట్టి నాలాంటివాళ్లు బతికిపోయారు. 2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసింది. 2020 మార్చిలో లాక్‌డౌన్. నా రిజిస్టర్‌లో వీటి పేర్లు ఎక్కడా లేవు. ఆ ఒక్క మాటే ఉంది.

(నిజంగానే కన్సల్టెన్సీ పెట్టి బాగుపడ్డవాళ్లు ముగ్గురు మొదటి వరసలో కూర్చుని నన్ను గుర్రుగా చూస్తున్నారు. మిమ్మల్ని కాదు బాబూ.)

అకౌంట్స్ మాస్టారు చెప్పేవారు గుర్తుందా? బ్యాలెన్స్ షీట్ అంటే మార్చి 31న తీసిన ఫోటో, ఫోటోకి అందరూ తల దువ్వుకునే వస్తారు, మీరు వెనక పేజీల్లో నోట్స్ చదవండి అని. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. లెక్కల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు అసలు లేవని తేలింది. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న నాకు మాస్టారి మాటే గుర్తొచ్చింది. మన అప్‌డేట్లూ అలాంటి ఫోటోలేనని మాత్రం అప్పుడు తట్టలేదు.

మనవాడొకడు న్యూజెర్సీలో ఉంటాడు. హెచ్‌1బీ, అంటే అమెరికా ఉద్యోగ వీసా, మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే గడువు 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. 2023 జనవరిలో వాడి జవాబు ‘ఎక్స్‌ప్లోరింగ్ ఆపర్చునిటీస్’ అని వచ్చింది. నేను బొటనవేలు బొమ్మ పెట్టాను. అది 52వ రోజని ఈ మధ్య వాడే చెప్పాడు. ఇంటి లీజు ఎలా వదిలించుకోవాలి, కార్లు ఎవరికి అమ్మాలి, ఇండియాలో ఏడాది మధ్యలో ఎనిమిదో తరగతికి సీటు ఎవరిస్తారు అని ఆ రాత్రి కాగితం మీద రాసుకుంటున్నాడట. మన గ్రూపులో స్కూళ్లు నడిపేవాళ్లు ఇద్దరున్నారు. హెచ్‌ఆర్ హెడ్‌లు నలుగురు. ఒక్కరినీ అడగలేదు. ఎలా అడుగుతాడు? ‘ఎక్స్‌ప్లోరింగ్’ అని చెప్పేశాక, దేహీ అంటూ రావడానికి మొహం చెల్లలేదు.

చివరికి ఆఫర్ వచ్చిందిలెండి, 57వ రోజున. మన ప్రమేయం ఏమీ లేకుండా.

దీనికి పూర్తిగా ఉల్టా మన ఆంధ్రా బ్యాంక్ మిత్రుడు. చేరిన దగ్గర్నుంచీ ఒకటే జవాబు: ‘అదే బ్యాంకు’. 2021లో మాత్రం ‘బ్యాంకు మారింది, కుర్చీ మారలేదు’ అని రాశాడు. అంతకు ముందు ఏడాది ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది కదా. 1923లో పట్టాభి సీతారామయ్య గారు బందరులో పెట్టిన బ్యాంకు. జనం గడప దాటని లాక్‌డౌన్ రోజుల్లో చప్పుడు లేకుండా పోయింది. రిజిస్టర్ మొత్తంలో నేను మళ్లీ మళ్లీ చదువుకున్న వాక్యం అతనిదే.

ఇక ఆడవాళ్ల పేజీలు. మా తొమ్మిది మందిలో చాలామందికి కన్సల్టెంట్ అని రాసుకునే యోగం కూడా పట్టలేదు. క్లాస్ టాపర్ పేరు ఎదురుగా పదకొండేళ్లు వరసగా వాళ్లాయన ఉద్యోగం వివరాలే ఉన్నాయి. సీనియర్ మేనేజర్, పుణె. డీజీఎం, నాగపూర్. అవి ఎక్కించింది నేనే, నా చేత్తోనే. ‘నువ్వేం చేస్తున్నావే?’ అని ఒక్కసారీ అడగలేదు. 2015లో తనే ఫోన్ చేసి, ఆ గడి ఖాళీగా పెట్టవే అంది. నాకు సిగ్గేసింది. ఇప్పుడు రాజమండ్రిలో నలభై దుకాణాలకి జీఎస్టీ రిటర్నులు వేస్తోంది. ఇవాళ రాలేదు. నెలకి పదకొండో తారీఖు గడువు దగ్గర పడిందట.

ఊళ్లోవాళ్ల సంగతులన్నీ చెప్పి నాది దాచుకుంటే బాగుండదు. 2014 జనవరిలో నా పేరు ఎదురుగా ‘ఇండిపెండెంట్ కన్సల్టెంట్, కాకినాడ’ అని ఉంది. అంతకు ముందు ఏడాదంతా నేనెవరికీ ఏ సలహా ఇవ్వలేదు. అమ్మకి పక్షవాతం వచ్చింది. ఉద్యోగం మానేసి, పూటపూటకీ అమ్మని పక్కకి తిప్పి పడుకోబెడుతూ, ఫిజియోథెరపీ మనిషి కోసం గుమ్మంలో ఎదురుచూస్తూ గడిపాను. మనలో ఒకరి అన్నయ్య అదే ఊళ్లో న్యూరాలజీ డాక్టరు. ఆ సంగతి నాకు తెలిసింది అమ్మ పోయాక.

అందుకని ఈసారి ఫారం మార్చాను. హోదా గడి తీసేశాను. జీతం సంగతి ఎప్పుడూ అడగలేదు, అయినా చెప్పేవాళ్లు చెప్పారు. కొత్తవి రెండు గడులు: ఈ ఏడాది నాకు కావలసిన సాయం, నేను చెయ్యగలిగిన సాయం. మొదటి గడి ఖాళీగా వదిలితే ఫారం వెనక్కి ఇచ్చేస్తాను, ఎండీలైనా సరే. నాది నింపేశాను. మా అబ్బాయికి సీఏ ఇంటర్ రెండుసార్లు పోయింది. నాతో మాట్లాడటం మానేశాడు. వాడితో ఒక గంట కూర్చునే సీఏ ఎవరైనా కావాలి.

ఫారాలు గుమ్మం దగ్గర టేబుల్ మీద ఉన్నాయి. పెన్నులు తక్కువ, పంచుకోండి. వంటవాళ్లు ఒంటిగంటకి వడ్డన అంటున్నారు.