కాలువ నీళ్ల తగాదా: వంతులు రాసుకోవాల్సిన సమయం

నీటి సంఘం సభ్యులకు, రైతులకు, కౌలు రైతులకు నమస్కారం.

ఎగువ రైతు తన చేను తడిసినా మడవ (చేలోకి నీళ్లు వచ్చే దారి) కట్టడు. అత్యాశ అంటారు శివారు (కాలువ చివరి) రైతులు. ఆయన్నే అడిగి చూడండి. "కట్టేస్తే మళ్లీ నీళ్లెప్పుడొస్తాయో ఎవరు చెప్తారు?" అంటాడు. గొడవకు మూలం ఇక్కడుంది. నీళ్లు తక్కువైనందుకు కొంత, మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియనందుకు ఎంతో. ఆ భయం తీర్చకుండా లస్కరు (కాలువ కాపలాదారు) చేత తూము మూయిస్తే తెల్లారేసరికి గట్టుకు గండి పడుతుంది.

అందుకే తగాదా రేగినప్పుడు, మనం రాసుకోని కట్టుబాటు ఏదో ఉందని గుర్తుపట్టాలి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం కింద పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యుల మధ్య తగవులు తీర్చే బాధ్యతను చట్టం సంఘానికే అప్పగించింది. కానీ మీ బోదె (చేలకు నీళ్లిచ్చే పిల్లకాలువ) మీద అర్ధరాత్రి ఎవరి మడవ తెరవాలో ఏ చట్టమూ చెప్పదు. అది మీరే తేల్చుకోవాలి.

మాటా మాటా పెరిగిన రోజునే కూర్చోవద్దు. అలాగని వాన పడేదాకా ఆగొద్దు, అప్పుడు ఎవరూ రారు. రెండు మూడు రోజుల్లో కూటమి (సమావేశం) పెట్టండి. ముందు ఎగువవాళ్లతో, శివారువాళ్లతో విడివిడిగా మాట్లాడండి. "ఎన్ని నీళ్లు కావాలి" అని కాదు, "ఏం జరుగుతుందని భయం" అని అడగండి. చెయ్యి చేసుకున్న కేసయితే, ఒక వర్గం మాటకు మరో వర్గం నోరు విప్పలేని ఊరయితే, ఉమ్మడి కూటమి పెట్టి రాజీ అనడం అన్యాయం. దెబ్బలు తిన్నవాళ్లకు ముందు చట్టం అండ దొరకాలి.

తర్వాత అందరూ కలిసి కాలువ కొలవండి. దీనికి ఇంజనీరు అక్కర్లేదు. బోదెలో తిన్నగా ఉన్న 30 అడుగులు గుర్తుపెట్టి నిమ్మకాయ వదలండి. 24 సెకన్లలో దాటితే పైనీటి వేగం సెకనుకు 1.25 అడుగులు. అడుగున నీరు నెమ్మదిగా సాగుతుంది కాబట్టి దాన్ని 0.8తో గుణిస్తే 1 అడుగు. వెడల్పు 2 అడుగులు, లోతు అరడుగు అయితే అక్కడ పారేది 1 క్యూసెక్కు, అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. మూడుసార్లు వదిలి సగటు తీయండి.

ఒక క్యూసెక్కు గంటసేపు పారితే ఎకరంలో సుమారు ఒక అంగుళం నీరు నిలుస్తుంది. ఎకరానికి రెండంగుళాలు పెట్టాలంటే రెండు గంటలు. బోదె కింద 60 ఎకరాలుంటే 120 గంటలు, అంటే ఐదు రోజులకు ఒక వంతు. "మళ్లీ ఎప్పుడు" అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు దొరికింది.

అయితే చాలా ఊళ్లలో ఒప్పందం చెడేది ఇక్కడే. అందరికీ సమానంగా గంటలు పంచుతారు. తూము దగ్గర 1 క్యూసెక్కు ఉన్నది ఇంకుడు, లీకులు పోను శివారులో 0.6కి పడిపోవచ్చు. అక్కడ అదే రెండంగుళాలకు 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. పైగా ఎండిన బోదె నిండటానికి పట్టే సమయాన్ని శివారువాళ్ల వంతులో కోయకూడదు. రెండు చోట్లా కొలిచి, గంటలు సవరించి, మొత్తం వంతు ఎన్ని రోజులవుతుందో మళ్లీ లెక్కేయండి. వంతు మరీ సాగితే తూటుకాడ, గుర్రపుడెక్క తీసి, లీకులు పూడ్చే పని అందరిదీ అవుతుంది. గొడవపడిన రెండు పక్షాలూ కలిసి చేయదగ్గ మొదటి పని బహుశా ఇదే.

రాత్రి వంతు ఎప్పుడూ ఒకరికే పడకుండా మార్చండి. వరి చిరుపొట్ట (కంకి లోపల రూపుదిద్దుకునే దశ) నుంచి పూత వరకు ఎద్దడికి తట్టుకోలేదు, ఆ దశలో ఉన్న చేలకు ముందు ఇవ్వాలని కూడా రాసుకోండి. సంతకం పట్నంలో ఉన్న భూయజమానిదైతే చాలదు. మడవ కట్టేది కౌలు రైతు, కూటమిలో ఆయన ఉండాలి.

ఎవరైనా వంతు తప్పితే జరిమానా వేస్తుంటారు. ఆ డబ్బు సంఘం పెట్టెలోకి పోతుంది, ఎండిన మడి ఎండినట్టే ఉంటుంది. దానికి బదులు దొంగిలించిన గంటలను తర్వాతి వంతులో కోసి నష్టపోయిన రైతుకు జమ చేయండి. ఆ లెక్కను తూము దగ్గర బోర్డు మీదే, అందరికీ కనబడేలా రాయండి.