స్టాప్ రాడ్ యాడ పోయింది?

(అనంతపురంలో ఐటిఐ విద్యార్థుల ఆయుధపూజ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, ట్రైనింగ్ ఆఫీసరు గారికి, నా పక్కనే కూర్చుని అరగంట నుంచి వాచీ చూసుకుంటున్న మా సంఘం అధ్యక్షుడికి, ముందు వరసల్లో ఉన్న ఫిట్టర్, టర్నర్, మెషినిస్టు పిల్లలకి, వెనకాల నిలబడిపోయిన లేత్ షాపుల అన్నదమ్ములకి నమస్కారం. శాలువా కప్పినారు. ఇంత ఉక్కలో శాలువా ఎందుకప్పా అంటే ఆచారం అన్నారు. సరే, ఉండనీండి.

నాకిచ్చిన కాగితంలో 'నైపుణ్యాభివృద్ధిలో యువత పాత్ర' అని రాసుంది. దాని మీద నాకు ముందు మాట్లాడిన ఇద్దరూ ఏమీ మిగల్చకుండా చెప్పేసినారు. మంచిదే అయింది. నేను వేరే సంగతి కడుపులో పెట్టుకోని వచ్చినా.

పొద్దున పూజకు ముందు మీ షాపంతా ఒకసారి తిరిగినా. మిషన్లు తుడిచినారు, పసుపు కుంకుమ పెట్టినారు, నిమ్మకాయలు కట్టినారు. మూలనున్న పిల్లర్ డ్రిల్లింగ్ మిషన్‌కి కూడా పెద్ద బొట్టు పెట్టినారు. బాగుంది. కానీ డ్రిల్లును తిప్పే స్పిండిల్ పక్కన ఉండాల్సిన స్టాప్ రాడ్, అంటే డ్రిల్లు కావాల్సిన లోతు దాటకుండా ఆపే మరల కడ్డీ, లేదు. రాడ్ దూరే కన్నం మాత్రం ఉంది. ఆ కన్నంలో ఎవరో అగరొత్తి గుచ్చినారు.

ఎవరినీ తప్పు పట్టడం లేదు. ఈ జిల్లాలో నేను అడుగుపెట్టిన షాపుల్లో సగానికి సగం ఇదే కథ. ఒకరోజు ఎవడికో ఈ పక్క నుంచి ఆ పక్కకి ఆరుపార కన్నం వేయాల్సి వస్తుంది, స్టాపు అడ్డమొస్తుంది, నట్లు వదులు చేస్తాడు. మళ్ళీ బిగించడు. నట్లు అదురుకి జారి కింద పడతాయి, ఊడ్చేటోళ్ళు ఊడ్చేస్తారు. మంచి మరలున్న రాడ్ కదా అని దాన్ని ఇంకెవడో క్లాంపుకి వాడతాడు. ఆరు నెలలు పోయినాక దానికొక రాడ్ ఉండేదన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. చేత్తోనే అంచనాగా దించేస్తారు. వెనకున్న అన్నలారా, మీ షాపులో డ్రిల్లింగ్ మిషన్‌కి స్టాప్ రాడ్, రెండు నట్లతో సహా ఉన్నవాళ్ళు చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు... చాలు, దించండి. నేను ఇంకా తక్కువ అనుకుంటి.

నేను దీని మీద ఎందుకింత పోరు పెడతానో చెప్తా. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. క్లాక్ టవర్ దగ్గర ఒక షాపులో పనికి కుదిరినా. మేస్త్రీ పాతకాలం మనిషి, మిల్లీమీటర్లు అనడు, అన్నీ నూళ్ళే. అంగుళానికి ఎనిమిది నూళ్ళు. ఒకరోజు పల్లె నుంచి ఒక రైతు బాయి మీది ఆయిలింజన్ హెడ్డు బండిలో వేసుకోని వచ్చినాడు. అరంగుళం స్టడ్డు, అంటే తల లేని బోల్టు, ఉండే చోట మరలు పోయినాయి. మేస్త్రీ అక్కడ పాత కన్నాన్ని వెల్డింగుతో పూడ్చి, సాపు చేసి, కొత్తగా కన్నం వేసి, ట్యాప్‌తో లోపల మరలు కొట్టమన్నాడు. అన్నానికి పోతా పోతా ఒక మాట చెప్పినాడు: "ఏడు నూళ్ళు దించు. ఎనిమిదో నూలు కింద నీళ్ళు తిరిగే గది ఉంది."

నేను పదిన్నర మిల్లీమీటర్ల డ్రిల్లు పెట్టినా. డ్రిల్లు మీద సుద్దగీత గీసుకున్నా, అదే నా స్టాపు. పోత ఇనుము కదా, నల్లటి దుమ్ము లేచి ఆ గీతను కప్పేసింది. బయటికి తీసి కడ్డీ పెట్టి కొలిచినా. నిండు వెడల్పు కన్నం ఆరు నూళ్ళే ఉంది. ఇంకొక్క నూలు ఉంది కదా అనుకోని మళ్ళీ దించినా. సుర్రుమని డ్రిల్లు తనంతట తానే దిగిపోయింది. చేతి కింద ఏమీ లేదు. ఆ నిమిషం ఇప్పటికీ నా అరచేతిలో ఉంది.

ఏం జరిగింది? డ్రిల్లు కింద చదునుగా ఉండదు, మొన ఉంటుంది. మామూలు డ్రిల్లుకి మొన కోణం 118 డిగ్రీలు. ఆ మొన పొడవు డ్రిల్లు వ్యాసంలో పదికి మూడు వంతులు. పదిన్నరకి లెక్కేయండి, మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. అంటే దాదాపు ఒక నూలు! మేస్త్రీ చెప్పిన ఏడు మొన దాకా. నేను కొలిచిన ఏడు భుజం దాకా, అంటే మొన అయిపోయి నిండు వెడల్పు మొదలయ్యే చోటి దాకా. మధ్యలో ఒక్క నూలు, దాని కింద నీళ్ళ గది.

ఆ రైతు గడపలో కూర్చుని శెనక్కాయలు వలుచుకుంటా ఉన్నాడు. లేచొచ్చి కన్నంలోకి తొంగి చూసినాడు. తిట్టలేదు. "నాయనా, శెనక్కాయ ఇత్తనం మూడు వేళ్ళ లోతులో పడాల. ఇంకా కిందికి పోతే మొలక పైకి రాలేదు, మీద మీద పడితే ఉడతలు తినిపోతాయి. పొద్దంతా గొర్రు మీద చెయ్యి పెట్టి ఆ లోతు నేను కాపాడుకుంటా. నేల ఒకచోట మెత్తగా, ఒకచోట గట్టిగా ఉంటాది, అయినా కాపాడుకుంటా. నీ ఇనుము యాడ చూసినా ఒకే తీరుగా ఉండాది కదప్పా" అన్నాడు.

మేస్త్రీ వచ్చి తిట్టాల్సినవన్నీ తిట్టి, నీళ్ళు కారకుండా స్టడ్డుకి జనపనార చుట్టి, సఫేదా పూసి బిగించినాడు. ఆ పంట గట్టెక్కింది. నా ఆ నెల జీతం గట్టెక్కలేదు.

పిల్లలూ, రాసుకునేవాళ్ళు ఇది రాసుకోండి. డ్రాయింగులో గుడ్డి కన్నం, అంటే అవతలికి తేలని కన్నం, లోతు 20 అని ఉంటే అది నిండు వెడల్పు ఉన్నంత మేరకు. మొన దానికి అదనం. ఎనిమిది మిల్లీమీటర్ల డ్రిల్లైతే మొన 2.4. మొన 135 డిగ్రీలున్న డ్రిల్లైతే పదికి రెండు వంతులు వేసుకోండి. కింద అంత మందం ఉందా లేదా ముందే చూసుకోండి. మరలు కొట్టే కన్నమైతే ఇంకా లోతు కావాల, ఎందుకంటే ట్యాప్ ముందుభాగం సన్నగా ఉంటుంది, అడుగు దాకా నిండు మర పడదు.

స్టాప్ కట్టడం చాలా తేలిక. డ్రిల్లు మొనను జాబ్, అంటే కన్నం వేసే ముక్క, మీదికి తాకీ తాకకుండా దించండి. స్పిండిల్‌ను కిందికి దించే గొట్టాన్ని, అదే క్విల్‌ను, అక్కడే పట్టి, కావాల్సిన లోతుకి మొన పొడవు కూడా కలిపి అంత మందమున్న ముక్కను రాడ్ దూరే కన్నం అంచుకీ నట్టుకీ మధ్య పెట్టి నట్టు ఆనించండి. ముక్క తీసి రెండో నట్టుతో తాళం వేయండి. రెండో నట్టు లేకపోతే మొదటిది ఉన్నా లేనట్టే. పనికిరాని ముక్క మీద ఒకటి వేసి లోతు కొలిచే డెప్త్ వెర్నియర్‌తో చూసి, అప్పుడు జాబ్ మీదికి పోండి.

ఇంకో మాట, దీన్ని చాలామంది మర్చిపోతారు. స్టాప్‌కి స్పిండిల్ యాడుందో మాత్రమే తెలుసు, డ్రిల్లు మొన యాడుందో తెలియదు. డ్రిల్లు మార్చినా, సానబట్టినా, చక్‌లో రొంత జారినా, జాబ్ కింద ఇనుప రజను చేరినా, పాత సెట్టింగు చెల్లదు. మళ్ళీ కట్టాల్సిందే.

ఒకసారి ఒక పిల్లోడు నన్ను ఎదురడిగినాడు: "తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వర స్వామి గోపురాల మీద అంత పని చేసినోళ్ళు ఉలికి ఏ స్టాపు కట్టినారు సార్?" అని. మంచి ప్రశ్న. వాళ్ళ చేతికి ఇరవై ఏళ్ళు నాయనా, నీ చేతికి ఇరవై రోజులు అన్నా. అయినా వాళ్ళూ ఒక్క దెబ్బలో లోతుకి పోరు. మోటుగా తీసి, రొంత వదిలిపెట్టి, ఆఖరున సన్న ఉలితో వస్తారు.

లేత్‌లోనూ అంతే కదా. కానీ ఆ వదిలిపెట్టేది కూడా లెక్కగా వదలాల. మన పిల్లలు భయపడి ఆఖరి కోతకి మరీ సన్నగా, మిల్లీమీటరులో నూరో వంతులు రెండో మూడో వదులుతారు. అంత సన్న కోతకి టూలు కోయదు, రుద్దుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలైతే రుద్దిన చోటు ఇంకా గట్టిపడి కూర్చుంటుంది. ఇంకొకటి, టూలును జాబ్ మీదికి జరిపే క్రాస్ స్లైడు ఒక మిల్లీమీటరు లోపలికి పోతే జాబ్ వ్యాసం రెండు తగ్గుతుంది. కొన్ని లేత్‌ల డయల్ మీద వ్యాసం లెక్కే గీసుంటుంది, కొన్నిటి మీద స్లైడు లెక్క. షాపు మారిన మొదటివారం ఒక కోత వేసి, ముందూ వెనకా కొలిచి తెలుసుకోండి, అడగడానికి సిగ్గైతే. గీత దాటిపోతే ఊరికే వెనక్కి తిప్పి గీత మీద పెట్టొద్దు. స్క్రూలో ప్లే, అంటే రొంత వదులు, ఉంటుంది, డయల్ తిరుగుతుంది, స్లైడు కదలదు. సగం చుట్టు వెనక్కి పోయి మళ్ళీ ముందుకి రావాల.

అధ్యక్షుడు గారు మళ్ళీ వాచీ చూస్తున్నారు. ఐదు నిమిషాలు.

సార్, ఇప్పుడంతా సిఎన్‌సి, కంప్యూటరు నడిపే మిషన్లు, ఇవన్నీ పాతకాలపు మాటలు అని మీలో కొందరు గొణుక్కుంటున్నారు. పెనుకొండ పక్కన 2019లో కియా కార్లు తయారవడం మొదలైనప్పటి నుంచి ఈ మాట ఎక్కువ వింటున్నా. పోండి, సంతోషంగా పోండి. కానీ సిఎన్‌సికి డ్రిల్లు పొడవు ఎంతో నువ్వే చెప్పాల. నాలుగో నంబరు టూలుకి ఐదో నంబరు పొడవు పిలిస్తే అది నమ్మి దిగుతుంది. నా చేయి కనీసం అనుమానపడింది, దానికి అనుమానం కూడా రాదు. కొన్ని కంట్రోళ్ళలో చుక్క పెట్టకుండా పది అని కొడితే పది మిల్లీమీటర్లు కాదు, పది మైక్రాన్లు అనుకుంటుంది. చుక్క! స్టాప్ రాడ్ పోయి చుక్క వచ్చింది, అంతే తేడా.

మన జిల్లాలో లోతు అంటే అందరికీ బోరే గుర్తొస్తుంది. రాడ్లు లెక్కపెట్టి అడుక్కింత అని బిల్లు వేస్తారు, లోతుకి పోయేకొద్దీ వాళ్ళకి డబ్బు. మనకి తిరగబడి ఉంటుంది, ఒక నూలు ఎక్కువ పోతే మనమే కట్టాల. కన్నం నోరు అందరికీ కనబడుతుంది, ఇన్‌స్పెక్షన్ ఆయన కూడా దాని వ్యాసం చూసి సంతకం పెడతాడు. అడుగు సంగతి వేసినోడికి తెలుసు, లేదంటే ఇంజను లోపల నీళ్ళకి తెలుస్తుంది.

అందుకే ఈ సంచి తెచ్చుకున్నా. దీంట్లో మా షాపులో చేసిన స్టాప్ రాడ్ ఉంది. పొద్దున ఆ కన్నం చూసినాక, నా శిష్యుడికి ఫోన్ చేసి మర కొట్టించి తెప్పించినా. నట్లు రెండు కాదు, నాలుగు పెట్టినాం. రెండు ఎట్లాగూ పోతాయి కదా. ప్రిన్సిపాల్ గారూ, టీ తర్వాత అనుమతిస్తే పిల్లల్ని ఆ మూలకి పిలవండి. ఎనిమిది మిల్లీమీటర్ల డ్రిల్లు, ఒక పోత ఇనుము ముక్క పక్కన పెట్టమన్నా. కానీ ముందు ఆ అగరొత్తి ఎవరు గుచ్చినారో వాళ్ళొచ్చి తీయాల.