మళ్లీ వేస్తేనే పేరు: పాత యానిమే సిరీస్‌ల గురించి

అందరికీ నమస్కారం.

పాత యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సీరియళ్ల గురించి మాట్లాడమని మీ క్లబ్బు వాళ్లు పిలిచినప్పుడు, పాత అంటే ఎప్పటివి అని అడిగాను. "నరుటో కాలం నాటివి సార్" అన్నారు. నరుటో టీవీలో మొదలైంది 2002లో. అది పాతదైతే నేను ఇవాళ చెప్పబోయేవన్నీ పురాణాల కిందే లెక్క. అయినా పురాణాలంటే మనకు కొత్త కాదు కదా, మొదలుపెడతాను.

1970 మార్చి 24న టోక్యోలో, కొదాన్షా ప్రచురణ సంస్థ భవనంలో ఒక సంతాప సభ జరిగింది. హాల్లో బాక్సింగ్ రింగ్ కట్టారు. బౌద్ధ పూజారి వచ్చి మంత్రాలు చదివాడు. దాదాపు 700 మంది హాజరయ్యారు. పోయిన మనిషి పేరు రికీషి తోరు. ఆయన నిజం మనిషి కాడు, 'అషితా నో జో' అనే బాక్సింగ్ మాంగాలో, అంటే జపాన్ బొమ్మల కథలో, హీరో జోకి ప్రత్యర్థి. కథలో బరువు తగ్గడానికి తిండీ నీళ్లూ మానేసి, హీరోతో పోటీలో గెలిచి, చనిపోతాడు. ఆ కర్మకాండ నడిపించింది షూజీ తెరాయామా అనే కవి, నాటక దర్శకుడు. వారం తిరగ్గానే ఒక విప్లవ ముఠా జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని హైజాక్ చేసింది. వాళ్ల ప్రకటనలో "మేము అషితా నో జోలం" అనే మాట ఉంది. ఆ ఏప్రిల్‌లోనే ఈ కథ టీవీకి వచ్చింది, ఒసాము దెజాకి దర్శకత్వంలో.

ఇక్కడ ఎంతమందికి రికీషి తోరు తెలుసో చేతులెత్తండి. ఇద్దరు. సరే, నేను అనుకున్నదానికంటే ఇద్దరు ఎక్కువే.

ఒక కల్పిత పాత్ర చనిపోతే జనం బట్టలు మార్చుకుని సంతాపానికి వెళ్లేంత పేరున్న కథ, యాభై ఏళ్లలో ఇద్దరి దగ్గరికి ఎలా వచ్చింది? దీనికి సులువైన జవాబులు రెండున్నాయి. బొమ్మలు పాతబడ్డాయి అనేది ఒకటి, ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు అనేది రెండోది. రెండూ అరకొర నిజాలే. నేను చెప్పదలచుకున్నది వేరే. యానిమేకి పేరు మొదటిసారి వేసినప్పుడు రాదు, మళ్లీ మళ్లీ వేసినప్పుడు వస్తుంది. వేయడం ఆపితే పోతుంది.

కొన్ని అంకెలు చూద్దాం. జపాన్‌లో వారం వారం అరగంట చొప్పున సాగే టీవీ యానిమేకి దారి వేసిన 'ఆస్ట్రో బాయ్' 1963 జనవరి 1న మొదలైంది. మరుసటి ఏడు ఒక వారం దాని రేటింగ్ 40.3 శాతం. 'సజాయె-సాన్' 1979లో 39.4 అందుకుంది. 'చిబి మారుకో-చాన్' 1990లో 39.9. ఇంటికి ఒకటే టీవీ, ఇంటిల్లిపాదీ భోజనం చేసే వేళ, ఏది వస్తే అది చూడాల్సిన రోజులవి. సజాయె-సాన్ 1969 నుంచి ఇప్పటికీ ఆదివారం సాయంత్రం వస్తూనే ఉంది. ఈమధ్య చాలా వారాల్లో పది శాతం కూడా దాటడం లేదు. ఆ సీరియల్ ఏమీ చెడిపోలేదు. అదే కుటుంబం, అదే పిల్లి, అవే చిన్న గొడవలు. చెదిరిపోయింది ఆ భోజనం బల్ల.

ఇప్పుడు అసలు ముచ్చటకి వస్తాను. ఇవాళ మనం క్లాసిక్ అంటున్న వాటిలో మూడింటిని చెబుతాను. మూడూ మొదటిసారి వేసినప్పుడు తన్నేశాయి.

'లూపిన్ III' 1971 అక్టోబర్‌లో వచ్చింది. రేటింగ్ రాలేదు, 23 ఎపిసోడ్లతో సరిపెట్టారు. తర్వాత పునఃప్రసారాల్లో జనం పట్టుకున్నారు. ఎంతగా అంటే, 1977లో మొదలైన రెండో సిరీస్ 155 ఎపిసోడ్లు నడిచింది.

'స్పేస్ బ్యాటిల్‌షిప్ యమాతో' 1974 అక్టోబర్‌లో వచ్చింది, ఆదివారం రాత్రి ఏడున్నరకి. అదే వేళకి ఇంకో చానెల్లో 'హైదీ' వస్తోంది. ఆల్ప్స్ కొండల మీద తాత, మనవరాలు, మేకలు. యుద్ధనౌక అంతరిక్షంలోకి ఎగిరింది గానీ మేకల్ని దాటలేకపోయింది. 39 ఎపిసోడ్లు అనుకున్నది 26కి కుదించేశారు. తర్వాత మళ్లీ మళ్లీ వేశారు, అభిమాన సంఘాలు పుట్టాయి. 1977లో ఆ ఎపిసోడ్లనే అతికించి సినిమాగా వదిలితే కుర్రాళ్లు థియేటర్ల ముందు క్యూ కట్టారు.

మూడోది 'మొబైల్ సూట్ గండమ్', 1979. యోషియుకి తోమినో దర్శకుడు. స్పాన్సర్ క్లోవర్ అనే బొమ్మల కంపెనీ. రోబో బొమ్మలు అమ్ముడుపోవడమే దానికి ముఖ్యం. కథేమో యుద్ధం వద్దని ఏడ్చే పదిహేనేళ్ల కుర్రాడిది. బొమ్మలు అమ్ముడుపోలేదు. 52 అనుకున్నది 43 దగ్గర ఆగింది, 1980 జనవరిలో. ఆ జులైలో బందాయ్ కంపెనీ 300 యెన్‌లకి, చేత్తో అతికించుకునే ప్లాస్టిక్ మోడల్ కిట్ తెచ్చింది. పునఃప్రసారాలు ఒక పక్క, ఈ కిట్లు ఒక పక్క. 1981 ఫిబ్రవరిలో గండమ్ సినిమా విడుదలకి ముందు షింజుకు స్టేషన్ దగ్గర వేల మంది గుమిగూడారు. 2009లో టోక్యోలోని ఒదైబాలో 18 మీటర్ల గండమ్ విగ్రహం నిలబెట్టారు. క్లోవర్ మాత్రం 1983లోనే దివాలా తీసింది. పాపం అనిపిస్తుంది. మొక్క నాటింది వాళ్లు, పండు తిన్నది ఇంకొకరు.

మనకి ఇది అర్థం కావడం కష్టం కాదు. 'మాయాబజార్' 1957 నాటిది. మా తరానికి ఎవరూ మొదటి ఆట టికెట్ కొనివ్వలేదు. పండగకోసారి టీవీలో వేశారు, ఊళ్లో రెండో రిలీజు, మూడో రిలీజు ఆడింది, 2010లో రంగులేసి మళ్లీ వదిలారు. పాటలు, డైలాగులు మనకి అలా నోటికి వచ్చాయి. అదే ఏళ్లలో వచ్చిన ఎన్నో మంచి సినిమాల పేర్లు కూడా మనకి తెలియవు. వాటిలో లోపం వెతకనక్కర్లేదు, వాటిని ఎవరూ మళ్లీ వేయలేదు, అంతే.

అమెరికాలో 'కౌబాయ్ బీబాప్' కథ కూడా ఇదే. 1998లో టీవీ టోక్యో దాన్ని సగమే ప్రసారం చేసింది. మొత్తం 26 ఎపిసోడ్లు ఒక పే చానెల్లో వచ్చాయి. 2001 నుంచి అమెరికాలో అడల్ట్ స్విమ్ అనే టీవీ విభాగం రాత్రిళ్లు ఏళ్ల తరబడి వేస్తూనే పోయింది. అక్కడ ఆ పేరు అలా నిలబడింది.

మరి ఇప్పుడు స్ట్రీమింగ్ ఉంది కదా, అన్నీ ఎప్పుడూ దొరుకుతాయి కదా అంటారు. దొరకడం వేరు, ఎదురుపడటం వేరు. స్కూల్ నుంచి వచ్చిన పిల్లాడు టీవీ పెడితే లూపిన్ ఎదురుపడ్డాడు, ఆ పిల్లాడు అతన్ని వెతకలేదు. ఇవాళ మన ఫోన్‌లోని యాప్ మనం నిన్న చూసినదాన్ని బట్టి ఇవాళ్టిది చూపిస్తుంది. 2023 నాటిది చూస్తే 2024 నాటిది చూపిస్తుంది. 1979 నాటిది దానంతట అది ఎందుకు చూపిస్తుంది? వెతుక్కోవాలి. పేరే తెలియనిదాన్ని ఎలా వెతుకుతాం?

పైగా అన్నీ దొరకవు కూడా. 'మాక్రాస్' సంగతి చూడండి. హక్కుల మీద జపాన్ కంపెనీలకీ, అమెరికాలో దాన్ని 'రోబోటెక్'గా మార్చి వేసిన హార్మొనీ గోల్డ్ కంపెనీకీ దశాబ్దాల గొడవ. 2021లో రాజీ కుదిరేదాకా చాలా మాక్రాస్ సిరీస్‌లు జపాన్ దాటి సరిగ్గా బయటికి రాలేదు. ఒక తరం ప్రేక్షకులు అలా పోయారు.

ఇక నిడివి. ఇక్కడ నేను కుర్రాళ్ల పక్షమే. 'డ్రాగన్ బాల్ జీ' 291 ఎపిసోడ్లు. నామెక్ గ్రహం ఐదు నిమిషాల్లో పేలిపోతుందని విలన్ ఫ్రీజా అంటాడు. ఆ ఐదు నిమిషాలు దాదాపు పది ఎపిసోడ్లు సాగాయి. దీనికి కారణం ఉంది. మాంగా వారానికి కొన్ని పేజీలు వస్తుంది, యానిమే వారానికో ఎపిసోడ్ వస్తుంది. యానిమే పరుగెత్తితే మాంగాని దాటేస్తుంది. అందుకని అరుపులు, గుడ్లురిమి చూడటాలు, గాల్లో తేలే రాళ్లు. వారానికి ఒకటి చూసిన మాకు అది టెన్షన్. వరసగా కూర్చుని చూసేవాళ్లకి అది శిక్ష. తీసినవాళ్లకీ ఇది తెలుసు, అందుకే 2009లో సాగదీసిన ముక్కలు కోసి 'కై' పేరుతో మళ్లీ వదిలారు. 12 ఎపిసోడ్ల సీజన్లకి అలవాటుపడ్డవాళ్లు 291 అంకె చూసి పారిపోతే నేను తప్పుపట్టను.

బొమ్మ సంగతి మాత్రం వేరు. పాతవాటిలో కదలిక తక్కువ అంటారు. నిజమే. 'ఆస్ట్రో బాయ్' తీసిన తెజుకా స్టూడియోకి డబ్బు లేదు, మనుషులు లేరు, వారం తిరిగేసరికి ఎపిసోడ్ కావాలి. సెకనుకి 24 ఫ్రేములుంటే ఒక్కో బొమ్మని మూడు ఫ్రేముల పాటు నిలిపారు. ఒకసారి గీసిన కదలికని దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ వాడారు. ఆ పేదరికం నుంచే ఒక శైలి పుట్టింది. దెజాకి ఏం చేశాడో చూడండి. ఘట్టం ఉచ్ఛస్థితికి రాగానే కదలిక ఆపేసి, చేత్తో రంగులు పూసిన చిత్రంలా ఫ్రేముని నిలిపేస్తాడు. జో గుద్దు తగిలిన క్షణం, 'రోజ్ ఆఫ్ వర్సాయ్'లో కథానాయిక ఆస్కార్ వెనక్కి తిరిగిన క్షణం. ఇప్పటి యానిమేలో హీరో మొహం మీద బొమ్మ ఆగి, గీతలు మొరటుగా మారినప్పుడల్లా నాకు దెజాకి గుర్తొస్తాడు. ఆయన పేరు తెలియకుండానే ఆయన పని రోజూ చూస్తున్నారు మీరు.

జపాన్‌లో పేరు తగ్గినవి వేరే దేశాల్లో నిక్షేపంగా ఉండటం ఇంకో వింత. 'వోల్టెస్ ఫైవ్' 1977 నాటి రోబో సీరియల్. ఫిలిప్పీన్స్‌లో 1978లో మొదలై పిల్లల్ని ఊపేసింది. 1979లో, ముగింపుకి నాలుగు ఎపిసోడ్లు ఉండగా, మార్కోస్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నిరంకుశ చక్రవర్తి మీద తిరుగుబాటు కథ అది, ఎందుకు నిషేధించి ఉంటారో మీరే ఊహించుకోవచ్చు. మార్కోస్ పడిపోయాక 1986లో గానీ అక్కడి వాళ్లు ముగింపు చూడలేకపోయారు. ఏడేళ్లు చూడనివ్వని ముగింపుని ఎవరు మరిచిపోతారు? 2023లో అదే కథని మనుషులతో, గ్రాఫిక్స్‌తో పెద్ద టీవీ సీరియల్‌గా తీసింది జపాన్ కాదు, ఫిలిప్పీన్స్.

మన సంగతి కూడా కొంచెం. 1990ల మొదట్లో దూరదర్శన్‌లో ఆదివారం వచ్చిన 'జంగిల్ బుక్' మీ అమ్మానాన్నలని అడిగితే వెంటనే పాట అందుకుంటారు. గుల్జార్ రాసింది, విశాల్ భరద్వాజ్ స్వరపరిచింది. హిందీ రాని ఇళ్లలో కూడా పిల్లలకి ఆ చడ్డీ పాట వచ్చు. ఆ సీరియల్ 1989లో నిప్పాన్ యానిమేషన్ తీసిందని, అంటే అది యానిమేనని, వాళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. తమాషా ఏమిటంటే జపాన్ వాళ్ల మోగ్లీకి ఆ పాటే లేదు. మన దగ్గర నిలిచింది సగం వాళ్లది, సగం మనది.

జపాన్ దర్శకుడు యూగో సాకో తీసిన 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామా' సినిమా 1992 నాటిది. జపాన్ చిత్రకారులతో పాటు మన రామ్ మోహన్ దర్శకత్వంలో భాగం పంచుకున్నాడు. అప్పట్లో మన థియేటర్లలో దానికి సరైన చోటే దొరకలేదు. తర్వాత కార్టూన్ నెట్‌వర్క్ దాన్ని పండగలకి వేసి వేసి ఒక తరానికి అలవాటు చేసింది. ఆ తరం పెద్దయి అడిగితేనే 2025 జనవరిలో మళ్లీ థియేటర్లకి వచ్చింది, ఈసారి తెలుగులో కూడా. నేను ఇందాకటి నుంచి చెబుతున్నదానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం నా దగ్గర లేదు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్' తెలుగు డబ్బింగ్‌తో మన హాళ్లలో ఆడింది. కొత్తవి తెలుగులోకి వస్తున్నాయి, సంతోషం. 'అషితా నో జో'ని గానీ, 'హైదీ'ని గానీ తెలుగు చేయడానికి ఎవరూ డబ్బు పెట్టరు, దానికి నా దగ్గర ఉపాయమూ లేదు. రీమేకులు కొంత పని చేస్తాయి. 'ఉరుసెయ్ యాత్సురా' 2022లో, 'రాన్మా' 2024లో కొత్తగా వచ్చాయి. కొత్తది చూసినవాళ్లు పాతదానికి వెళ్తున్నారా అంటే, నాకు తెలిసిన కుర్రాళ్లలో వెళ్లినవాళ్లు తక్కువే. 2022 చివర్లో వచ్చిన 'ది ఫస్ట్ స్లామ్ డంక్' కొరియాలో, చైనాలో విరగాడింది. ముప్పై ఏళ్ల నాటి టీవీ సిరీస్ చూస్తూ పెరిగినవాళ్లు అక్కడ ఉన్నారు మరి.

పాతవన్నీ బతకాలని నేను అనడం లేదు. 1970లలో బొమ్మలు అమ్మడానికి తీసిన రోబో సీరియళ్లలో సగం, వారం వారం ఒకే రాక్షసుడిని రంగు మార్చి చంపేవి, మాసిపోతే ఎవరికీ నష్టం లేదు. పెద్దవాళ్లం వాటిని మెచ్చుకునేది అవి బాగుండి కాదు, అప్పుడు మాకు పదేళ్లుండి.

ఇప్పుడు మీ క్లబ్బు వాళ్లు 'హైదీ' మొదటి ఎపిసోడ్ వేస్తారు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో. ఇసావో తకహాతా దర్శకుడు, లేఅవుట్లు హయావో మియజాకివి. 1973లో స్విట్జర్లాండ్ వెళ్లి కొండలు, ఇళ్లు చూసి వచ్చి గీశారు. ఒక పాప కొండెక్కుతూ, తనకి వేసిన బట్టలు ఒక్కొక్కటీ విప్పి పారేస్తుంది. ఎపిసోడ్‌లో పెద్దగా ఇంకేం జరగదు. యమాతోని ఓడించింది ఇదే. అయ్యాక ప్రశ్నలు తీసుకుంటాను. ఎక్కడ బోర్ కొట్టిందో కూడా మొహమాటపడకుండా చెప్పండి, ఏ నిమిషంలో కొట్టిందో గుర్తుపెట్టుకుని మరీ చెప్పండి. లైట్లు ఆపండమ్మా.