జోడీ మారితే స్కేటర్ కెరీర్ ఏమవుతుంది?

(రాజమహేంద్రవరం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

వ్యాఖ్యాత: మంచు మీద ఆడా మగా జోడీగా చేసే ఫిగర్ స్కేటింగ్‌లో, 2018 ప్యాంగ్‌చాంగ్ వింటర్ ఒలింపిక్స్‌లో జర్మనీ తరఫున స్వర్ణం గెలిచేసరికి అల్యోనా సావ్‌చెంకోకి 34 ఏళ్ళు. అది ఆవిడకి అయిదో ఒలింపిక్స్. అంత ఆలస్యం ఎందుకయిందండీ?

కోచ్: ఆలస్యమని నేననను. రాబిన్ షోల్కోవితో కలిసి అప్పటికే అయిదు ప్రపంచ టైటిళ్ళు కొట్టింది. ఒలింపిక్స్‌లోనే రెండుసార్లు కాంస్యంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 2014లో ఆయన రిటైరయ్యాక దొరికిన బ్రూనో మాసో ఫ్రాన్స్‌వాడు. అక్కడ మొదలైంది అసలు తిప్పలు.

వ్యాఖ్యాత: దేశం మారడం అంత కష్టమా?

కోచ్: పాత దేశపు స్కేటింగ్ సమాఖ్య వదలాలి కదండీ. ఫ్రాన్స్ వదిలేసరికి 2015 చివరికొచ్చింది. ప్రపంచ పోటీలకి జోడీలో ఒకరు ఆ దేశ పౌరులైతే చాలు. ఒలింపిక్స్‌కి మాత్రం ఇద్దరూ పౌరులై ఉండాలి. మాసోకి జర్మన్ భాష పరీక్ష గట్టెక్కి పౌరసత్వం వచ్చింది 2017 నవంబరులో, అంటే ఆటలకి మూడు నెలల ముందు!

వ్యాఖ్యాత: ఆ ఒలింపిక్స్‌లో షార్ట్ ప్రోగ్రామ్‌లో, అంటే మొదటి రౌండులో, నాలుగో స్థానమే వచ్చినట్టుంది?

కోచ్: ఇద్దరూ పక్కపక్కన చేసే సాల్కోవ్ అనే జంపులో మాసో మూడు చుట్లకి రెండే తిరిగాడు. ఇద్దరిలో ఎవరు తక్కువ తిరిగితే జోడీకి అదే లెక్క. ఆ జంపుకిచ్చే మూలవిలువ, అంటే అసలు పాయింట్లు, 4.4 నుంచి 1.3కి పడిపోయింది. తర్వాత రెండో రౌండైన ఫ్రీ స్కేట్‌లో 159.31 పాయింట్లు తెచ్చి, చైనా జోడీని మొత్తం మీద 0.43 తేడాతో దాటారు. భాగస్వామి పొరపాటు తన ఖాతాలో పడుతుందని తెలిసే ఈ ఆటలోకి దిగాలి.

ఫిజియో: జనం చూసేది స్కోరు. నేను చూసేది త్రో జంప్ దిగే కాలు. అబ్బాయి విసిరితే అమ్మాయి తానే దూకినదాని కంటే ఎత్తుగా, దూరంగా వెళ్ళి ఒంటికాలి మీద, వెనక్కి జారుతూ, బ్లేడు బయటి అంచు మీద దిగాలి. అబ్బాయి చేయి క్షణం ఆలస్యంగా వదిలినా గాల్లో ఆమె ఒరిగిపోతుంది. ఆ భారమంతా చీలమండ, మోకాలు, తుంటి మీదే. అబ్బాయిలకైతే భుజమూ, నడుమూ పోతాయి. ఎత్తినప్పుడు అమ్మాయి ఒళ్ళు బిగించకుండా వదిలేసిందా, వడ్ల బస్తా ఎత్తినట్టే.

వ్యాఖ్యాత: అమలాపురం నుంచి ఫోన్‌లో ఒక తల్లి అడుగుతున్నారు. పాప రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది, మంచు మీదికి వెళ్ళగలదా అని.

కోచ్: వెళ్ళొచ్చమ్మా. నిలకడ, ఒంటికాలి మీద జారడం, చేతుల తీరు పనికొస్తాయి. అయితే మంచు బ్లేడుకి ముందు పళ్ళుంటాయి, లోపలా బయటా రెండంచులుంటాయి. వాటికి కాలు మళ్ళీ అలవాటు పడాలి. మన డెల్టాలో మంచు రింకు లేదు కాబట్టి లిఫ్టులు, అంటే జోడీని పైకెత్తడాలు, ముందు నేల మీద, మందపాటి మ్యాట్ వేసి, పక్కన కోచ్ నిలబడి నేర్పాలి. 2024-25 సీజన్ నుంచి సీనియర్ పోటీలకి 17 ఏళ్ళు నిండాలి, కంగారేం లేదు.

ఫిజియో: ఇంకోటండీ, పాప ఎటు తిరుగుతుందో చూడండి. ఎక్కువమంది ఎడమవైపుకి తిరుగుతారు. ఒకరు కుడికీ ఒకరు ఎడమకీ అయితే పక్కపక్క జంపులూ స్పిన్నులూ కుదరడం కష్టం. జోడీ కోసం వెతికేటప్పుడు ఎత్తు కంటే ముందు అడగాల్సింది అదే.